పదిహేడు తలుపుల మీద కామా

మా బోర్డుల మామ కుక్కని గీస్తే అది మొరుగుతుంది. ఊరికే అనడం లేదు. చచ్చి ఏడాది దాటిన కుక్క, రేకు మీద రెండు పూతల ఎనామెల్ పెయింటై కూర్చున్న కుక్క, పొద్దున్న పదకొండు గంటలకి నా కొట్టు తలుపు మీద నుంచి మొరిగింది. నేను నా చెవులతో విన్నాను. ఎనిమిదో తరగతి మధ్యలో చదువుకి దండం పెట్టి వచ్చేసినవాడి మాట నమ్మాలా అని మీకు అనిపించవచ్చు. నమ్మకండి. కానీ ఈ వీధిలో నేను తెరవలేని తాళం లేదు, నా చెవిన పడని మాట లేదు. తాళం చెవులు చేసే కొట్టు అంటే రెండు మనిషి బారలు, ఒక బల్ల, ఒక ఆకురాయి, ఎదురుగా వీధి మొత్తం. చూడక చస్తానా?

మామ అంటే నాకు చుట్టమేమీ కాదు. ఆయన వీధంతటికీ మామ, ఆయన భార్య వీధంతటికీ అత్త. మనిషి నిచ్చెన పక్కన నిలబడితే ఏది నిచ్చెనో, ఏది మామో తేల్చుకోవడానికి కొంత సమయం పట్టేది. కుడి చెవి మీద ఎప్పుడూ రెండు బ్రష్షులు ఉండేవి, వంటి మీద టర్పెంటైన్ వాసన. దారానికి సుద్దపొడి పట్టించి, ఒక చివర పళ్ళతో పట్టుకుని, రెండో చివర లాగి వేలితో టక్కున మీటితే రేకు మీద గీత పడేది. ఆ గీత ఎంత తిన్నగా ఉండేదంటే దాన్ని చూసుకుని మేస్త్రీలు గోడలు కట్టుకునేవాళ్ళు. కుళాయిలు అమ్మే కొట్టుకి ఆయన కుళాయి బొమ్మ వేస్తే దారిన పోయేవాళ్ళు దోసిలి పట్టారు. ఇద్దరు తాగారని కూడా అంటారు కానీ ఒక్కడినే చూశాను, ఉన్నమాట చెప్పాలి.

ఆయనకి ఒక పట్టుదల ఉండేది. ఎదురుగా లేనిది గీసేవాడు కాదు. చెప్పుల షాపు బోర్డు రాయాలంటే చెప్పు తెచ్చి బల్ల మీద పెట్టాల్సిందే. క్షౌరశాల బోర్డు మీద తల ఆ క్షౌరం చేసే ఆయనదే. కళ్ళజోళ్ళ షాపు బోర్డు రాసినప్పుడు అత్తని వసారాలో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి రెండు రోజులు ఆవిడ కళ్ళు గీశాడు. ఇప్పటికీ ఆ షాపు మీద రెండు పెద్ద కళ్ళు ఉంటాయి. ఎడమ కన్ను కొంచెం చిన్నది, నవ్వబోతున్నట్టు. అత్తకి అలాగే ఉండేది.

"ఊరందరూ నన్నే చూస్తున్నారు, సిగ్గుగా ఉంది" అనేది అత్త.

"ఊరందర్నీ నువ్వే చూస్తున్నావు. వాళ్ళు సిగ్గుపడాలి" అనేవాడు మామ.

వాళ్ళకి పిల్లలు లేరు. అత్త ఇంట్లో కూర్చుని దర్జీ షాపుకి కాజాలు కుట్టి ఇచ్చేది. ఒక వానాకాలం కుట్టిన చొక్కాలు ఇచ్చి వస్తూ, కొంగులో కుక్కపిల్లని వేసుకుని వచ్చింది. ఒక చెవి నిలబడి ఉంది, ఒక చెవి వాలిపోయి ఉంది. ముక్కు మీద తెల్ల మచ్చ. కుక్క తోక వంకర అని లోకమంతా అంటుంది. మామ మాత్రం దాన్ని వెనక నుంచి చూసి, "వంకరేమిటి? నేను రాసే కామా కూడా ఇంత చక్కగా రాదు" అన్నాడు. అదే పేరైపోయింది. అత్త కాజాలు కుడుతుంటే కామా వచ్చి ఆవిడ పాదం మీద కూర్చునేవాడు. పక్కన కాదు, సరిగ్గా పాదం మీద. వాడు కూర్చుంటేగాని నా సూది కదలదు అనేది ఆవిడ.

వారానికోసారి ముగ్గురూ మా మూల మీద హోటల్‌కి భోజనానికి వెళ్ళేవాళ్ళు. చేతులు కడిగే తొట్టి పక్క బల్ల వాళ్ళది. అత్త, మామ పైన. కామా కింద, అత్త పాదం మీద. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, ఎందుకంటే వాడు అక్కడ ఉన్నట్టే సగం మందికి తెలిసేది కాదు.

అలా ఉండగా, ఒకరోజు ఎవరో పెద్దమనిషి దూడంత కుక్కని తెచ్చి, ఎవరికీ చెప్పకుండా బల్ల కింద కట్టేశాడు. మా సర్వరు దాని తోక తొక్కాడు. అది ఆయన పిక్క పట్టుకుంది. పదహారు కుట్లు, ఆపైన సూదులు. నెల తర్వాత కుంటుకుంటూ వచ్చి, గల్లా దగ్గర నిలబడి, హోటల్ పెద్దాయనతో సర్వరు అన్న మాటలు నాకు ఇంకా గుర్తు.

"అయ్యా, నా రెండు చేతుల్లో అయిదు పళ్ళేలు ఉంటాయి. బల్ల కింద ఏముందో నాకు కనిపించదు. కుక్క కాటుకి చెప్పు దెబ్బ అంటారు. లోపల తిరిగేటప్పుడు నాకు చెప్పులు కూడా ఉండవు."

మాటకి మాట బాగానే అతికింది గానీ ఎవరూ నవ్వలేదు. పెద్దాయన మామని పిలిపించాడు.

"బోర్డు కావాలి. ఒట్టి రాత చాలదు, బొమ్మ ఉండాలి. చదువు రానివాళ్ళకి కూడా తెలియాలి" అని నా వైపు చూశాడు. నేను నాకు కాదన్నట్టు వెనక్కి తిరిగి చూశాను.

"మరి మా కామా?" అన్నాడు మామ.

"మీవాడు కుక్కేంటయ్యా. మీవాడికేం, రానివ్వు."

మామ తల అడ్డంగా ఊపాడు. "బోర్డు రాసినవాడే దాటితే ఇంకెవడు ఆగుతాడు? వద్దులెండి."

ఆ వారం నుంచి కామా బయటే. అంతవరకూ బాగానే ఉంది. కానీ బోర్డుకి కుక్క బొమ్మ కావాలి, మామకి ఎదురుగా కుక్క కావాలి. వీధి కుక్కని కూర్చోమంటే కూర్చోదు. కూర్చునేది కామా ఒక్కడే. వసారాలో రొట్టె ముక్క చూపిస్తూ వాణ్ణి కూర్చోబెట్టి, నిలబడిన చెవి, వాలిన చెవి, ముక్కు మీద మచ్చ, అన్నీ దించేశాడు. చివర్న ఊపిరి బిగబట్టి, బ్రష్ ఎత్తకుండా, భుజం నుంచి నడుం దాకా ఒక్క ఊపులో ఎర్ర గీత కొట్టాడు. కింద "కుక్కలకు ప్రవేశం లేదు" అని రాశాడు.

సాయంత్రం అత్త ఆరుతున్న రేకుని చూసింది.

"ఎవరిది?"

"కుక్క."

"కుక్కేనని తెలుస్తూనే ఉంది. ఎవరు?"

మామ బ్రష్ తుడవడంలో పడ్డాడు.

"వాడేం తప్పు చేశాడని వాడి మీద గీత కొట్టావు?"

"నాకు వేరే కుక్క రాదే."

"రాకపోతే నేర్చుకో."

నేర్చుకోలేదు. బోర్డు బాగుందని మందుల షాపు అడిగింది, బట్టల కొట్టు అడిగింది, రొట్టెల కొట్టు, దర్జీ, క్షౌరశాల, కళ్ళజోళ్ళ షాపు, ఒకరిని చూసి ఒకరు. మొత్తం పదిహేడు. అన్నిటి మీదా కామాయే. అత్త పదకొండు రోజులు మామతో మాట్లాడలేదు. చెప్పాల్సినవి కుక్కతో చెప్పేది. "కామా, ఆయనకి చెప్పు, స్నానానికి నీళ్ళు కాగాయని." మామ కూడా, "కామా, వస్తున్నానని చెప్పు" అనేవాడు. పదకొండు రోజులు ఆ సంసారాన్ని కుక్క నడిపింది. చాలామంది మనుషులకంటే బాగా నడిపింది.

ఆ బోర్డుల సంగతి ఏం చెప్పమంటారు. కుక్కల్ని పట్టేవాళ్ళ బండి వస్తే, ఒకడు రొట్టెల కొట్టు బోర్డు మీదికి వల విసిరాడు. ఇక కామా అయితే ఏకంగా చదవడం నేర్చాడు. ఏ షాపు ముందుకి వెళ్ళినా తలెత్తి బోర్డు చూసి, గడప ఇవతల కూర్చునేవాడు. చదువులో నన్ను దాటిపోయిన కుక్క అని నేను అందరికీ చెప్పేవాణ్ణి. అత్త లోపల మందులు కొనుక్కుంటుంటే, తన బొమ్మ కింద తాను కూర్చుని వీధి చూసేవాడు. అలా తొమ్మిదేళ్ళు.

తొమ్మిదో ఏడు అత్తకి మరుపు మొదలైంది. మొదట దర్జీకి తెలిసింది. ఒక చొక్కాకి రెండు వైపులా కాజాలే కుట్టి తెచ్చింది. గుండీలు వేసే చోటే లేదు. దర్జీ మంచివాడు. చొక్కా మడిచి, "బాగా కుట్టావు వదినా" అని లోపల పెట్టేశాడు. తర్వాత వారం మళ్ళీ అలాగే తెచ్చింది. అతను మామని పక్కకి పిలిచి, చొక్కా విప్పి చూపించాడు. మామ ఆ రెండు వరసల కాజాలనీ వేలితో తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు.

ఆ ఎండాకాలమే కామా చచ్చిపోయాడు. రోగం లేదు, రొష్టు లేదు, ముసలితనం. మధ్యాహ్నం మామ నిచ్చెన నీడలో పడుకున్నాడు, లేవలేదు. ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఇద్దరూ కలిసి పూడ్చిపెట్టారు. అత్త ఏడ్చింది. వారం రోజులు ఏడ్చింది. ఎనిమిదో రోజు పొద్దున్న లేచి, "కామా ఏడీ?" అంది.

మామ చెప్పాడు. ఆవిడ అప్పుడే విన్నట్టు కుప్పకూలిపోయింది. మర్నాడు లేచి మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అదే ఏడుపు, అదే మొదటిసారి. మనకి ఒక్కసారి చచ్చిపోయినవాడు ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే చచ్చిపోయేవాడు. రోజూ ఆ కబురు చెప్పాల్సింది మామే.

ఒకరోజు మామ మొహం కడుక్కుంటుంటే అత్త చెప్పులు కూడా లేకుండా బయటికి వెళ్ళిపోయింది. ఆయన పరుగెత్తుకుంటూ వీధిలోకి వస్తే ఆవిడ మందుల షాపు తలుపు ముందు నిలబడి ఉంది. బోర్డుతో మాట్లాడుతోంది.

"ఎండలో కూర్చున్నావేంరా? నీకోసం ఇల్లంతా వెతుకుతున్నా." ఎర్ర గీతని వేలితో ముట్టుకుని, మామ వైపు తిరిగింది. "ఈ ఎర్ర పట్టీ నువ్వు కొన్నావా?"

మామ ఒగరుస్తూనే, "ఆఁ, నేనే" అన్నాడు.

"బాగుంది వాడికి" అంది అత్త.

అంతే. ఆ రోజు ఏడవలేదు. ఇంటికి వెళ్ళి అన్నం తింది.

మర్నాటి నుంచి "కామా ఏడీ" అని అడిగితే మామ, "వీధిలో ఉన్నాడు, పద చూసొద్దాం" అనేవాడు. పదకొండు గంటలకి ఇద్దరూ బయల్దేరేవాళ్ళు. ఆయన గొడుగు పట్టుకునేవాడు. ఆవిడ ప్రతి తలుపు దగ్గరా ఆగి వాణ్ణి పలకరించేది, రొట్టె తుంచి గడప పక్కన పెట్టేది. అన్ని చోట్లా వాడే ఎందుకున్నాడని ఎప్పుడూ అడగలేదు. ఒక తలుపు దగ్గర నుంచి ఇంకో తలుపు దగ్గరికి వెళ్ళేసరికి ముందుది మరిచిపోయేది కాబట్టి, పదిహేడు సార్లు వెతకడం, పదిహేడు సార్లు దొరకడం. అంత అదృష్టం ఈ వీధిలో ఇంకెవరికీ లేదు.

ఇదంతా మామ నాకు తర్వాత చెప్పాడు. అప్పట్లో నాకు తెలియదు. అత్తకి కాళ్ళ నొప్పులని, ప్రతి గడప దగ్గరా ఆగి ఆయాసం తీర్చుకుంటోందని అనుకున్నాను. తెరవలేని తాళం లేదు, చెవిన పడని మాట లేదు అన్నాను కదా. ఆ ఒక్కటీ చూడలేదు, వినలేదు.

ఈలోగా హోటల్ పెద్దాయన మంచాన పడ్డాడు, ఆయన కూతురు గల్లా మీద కూర్చుంది. చురుకైన పిల్ల. సెలవు రోజు మధ్యాహ్నం షాపులవాళ్ళందర్నీ హోటల్లో కూర్చోబెట్టి టీ ఇప్పించింది. అత్తా మామా కూడా వచ్చారు. అత్త పాత అలవాటుగా తొట్టి పక్క బల్ల దగ్గర కూర్చుని, రెండు చేతులతో మామ చొక్కా అంచు పట్టుకుంది.

"మొన్న ఒక ముసలాయన కుక్కని స్తంభానికి కట్టి లోపల కూర్చున్నాడు" అంది హోటల్ పిల్ల. "అది బయట ఏడుస్తోంది, ఈయన లోపల మింగలేకపోతున్నాడు. సగం వదిలేసి వెళ్ళాడు. ఇంకొకావిడ కార్లో అద్దాలు మూసి పెట్టి వచ్చింది, ఎండలో. నాకు సిగ్గేసింది. గొలుసు ఉండాలి, వంటింటి వైపు రాకూడదు, మూల బల్లలు వాళ్ళకి. ఇలా పెట్టుకుంటే రానివ్వచ్చు కదా?"

"నా బట్టలకి బొచ్చు అంటితే ఎవడు కొంటాడమ్మా?" అన్నాడు బట్టల కొట్టాయన.

"నువ్వు వద్దంటే నీ కొట్టు వరకు వద్దు బాబాయ్. మాట మాత్రం అందరిదీ ఒక్కటైతే బాగుంటుంది."

అందరూ సర్వరు వైపు చూశారు. పిక్క కరిపించుకున్నవాడు. ఆయన తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"నన్ను కుక్క కరవలేదమ్మా. కింద కుక్క ఉందని చెప్పకపోవడం కరిచింది. చెప్తే నేను చూసుకుని నడుస్తాను. రానివ్వండి."

దాంతో సగం తేలిపోయింది. అప్పుడు మామ లేచాడు. కుక్కంటే ప్రాణం పెట్టిన మనిషి, మద్దతుకి లేచాడనుకున్నాం.

"వద్దు" అన్నాడు.

అందరం మొహాలు చూసుకున్నాం.

"కుక్కలు కరుస్తాయి. బొచ్చు రాలుతుంది. పిల్లలు జడుసుకుంటారు. బోర్డులు ఉన్నాయి కదా, ఉండనివ్వండి."

ఇక నా నోరు ఊరుకుంటుందా. "ఏం మామా, కామా ఈ బల్ల కిందే కూర్చుని తిన్నప్పుడు రాలని బొచ్చు ఇప్పుడు రాలుతుందా? తన కుక్క పోతే ఊళ్ళో కుక్కలన్నీ పోవాలనా?"

గొల్లుమన్నారు. అత్త కూడా నవ్వింది. ఎందుకో తెలియదు పాపం, అందరూ నవ్వుతున్నారని.

మామ కూర్చోలేదు. మొహం మాడిపోయింది గానీ నిలబడే ఉన్నాడు. "పోనీ, కుక్కల్ని రానివ్వండి. బోర్డులు మాత్రం తియ్యకండి."

"రండి రండి అంటూ రావద్దని బోర్డా?" అన్నాను. "టర్పెంటైన్ తలకెక్కినట్టుంది మామకి. ఎవరైనా నిమ్మకాయ తెండి."

ఈసారి హోటల్ పిల్ల కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. మామ అత్త వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఏదో చెప్పబోయి, చొక్కా అంచు పట్టుకున్న ఆ రెండు చేతులూ చూసి, కూర్చుండిపోయాడు. చెప్పాలంటే కామా చచ్చిపోయాడని చెప్పాలి. పక్కన అత్త ఉంది. ఆవిడ లెక్కలో కామా బయట తలుపు దగ్గరే ఉన్నాడు, వచ్చేటప్పుడు పలకరించి వచ్చింది.

చేతులెత్తమన్నారు. బట్టల కొట్టాయన కూడా ఎత్తాడు. నేను రెండు చేతులూ ఎత్తాను.

మర్నాడు పొద్దున్నే స్క్రూడ్రైవర్‌తో బోర్డులు విప్పింది కూడా నేనే. పదిహేడు బోర్డులు, నలభై నిమిషాలు. కావాలంటే ఇంకెవర్నైనా విప్పమనండి చూద్దాం. విప్పిన తలుపుల మీద అచ్చుకొట్టించిన కొత్త కాగితాలు అంటించారు. బొచ్చు కుక్క, నాలుక బయటపెట్టి నవ్వుతూ, "రండి" అంటుంది.

పదకొండు గంటలకి అత్తా మామా వచ్చారు. మామ చేతిలో గొడుగుతో పాటు, విప్పిన బోర్డులు అడిగి తీసుకోవడానికి ఒక గోనెసంచి. బోర్డులు తీసేస్తారని ఆయనకి తెలుసు. అత్తని ఆ రోజు ఇంట్లో ఉంచాలని చూశాడట, ఉండలేదు. మందుల షాపు వాళ్ళ కాగితం ఇంకా అంటించలేదు. తలుపు మీద నాలుగు మరమేకుల కంతలు, మధ్యలో ఎండ తగలని చదరం. అత్త ఆ చదరం మీద అరచెయ్యి పెట్టింది.

"వాడేడీ?"

ఆవిడ రెండో తలుపుకి వెళ్ళింది. మూడో తలుపుకి. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని కొట్టు ముందు నిలబడి చూస్తున్నాను. అప్పుడు, కాళ్ళ నొప్పులు కావని నాకు అర్థమైంది. మిగిలిన తలుపులన్నీ తిరిగింది, ఒక్కటీ వదలకుండా. చివర్న హోటల్ తలుపు. బొచ్చు కుక్క నవ్వుతోంది.

"వీడెవడు? మావాడి చోట్లో కూర్చున్నాడు" అంది. మామ వైపు తిరిగి, "వెళ్ళిపోయాడు. మనం సరిగ్గా చూసుకోలేదు. ఎండలో కూర్చోబెట్టాం" అంది.

"లేదే. చచ్చిపోయాడు. మన చేతులతోనే పూడ్చాం" అన్నాడు మామ.

"అబద్ధాలాడకు. నిన్న చూశాను కదా."

చెరువులో పడ్డవాణ్ణి చూశాను, ఇల్లు కాలిపోయినవాణ్ణి చూశాను. అలాంటి మొహం ఎక్కడా చూడలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మేమంతా బయల్దేరాం. ఆరు బోర్డులు పాత ఇనుము బండెక్కిపోయాయి, పదకొండు దొరికాయి. మామ వాటిని ఇంట్లో గోడలకి కొట్టాడు. అత్త వాటి పక్కనుంచే, చూడకుండా బయటికి నడిచింది. "ఇంట్లో ఉంటే నేను బయట ఎందుకు వెతుకుతాను?" అందట. నిజమే కదా. ఇంట్లో ఉన్నవాణ్ణి ఎవరు వెతుకుతారు? రోజూ కొంచెం దూరం ఎక్కువ వెళ్ళేది. ఒకసారి నాలుగు వీధుల అవతల, బస్సులు ఆగే చోట దొరికింది. కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి, చేతిలో రొట్టె పిండైపోయింది.

హోటల్ పిల్ల ఏడుస్తూ వచ్చింది. "బోర్డులు తెండి మామయ్యా, మళ్ళీ కొట్టేద్దాం. నేనే నిలబడి కొట్టిస్తాను."

"లోపల కుక్కలు తింటుంటే బయట రాకూడదని బోర్డా?" అన్నాడు మామ. "రాసింది అబద్ధం కాకూడదమ్మా. అయినా అడిగాను, ఒకసారి. చాలు." నా వైపు చూడలేదు. చూసి తిట్టి ఉంటే బాగుండేది.

నేను ఆ రాత్రంతా ఏదో చేశానని చెప్పను, పడుకుని నిద్రపోయాను. పొద్దున్న లేచి మామ ఇంటికి వెళ్ళాను. "మామా, నా కొట్టుకి తలుపుంది. ఖాళీగా ఉంది. రాతలేమీ వద్దు, ఒట్టి కామా చాలు."

"గీత లేకుండా గీస్తాను" అన్నాడు. "పదేళ్ళ నుంచి మీ అత్తకి బాకీ అది."

జన్మలో మొదటిసారి ఎదురుగా లేనిదాన్ని గీశాడు. మూడు రోజులు నా కొట్టు ముందే కూర్చున్నాడు. నేను బేరాలన్నీ వెళ్ళగొట్టాను. వాలిన చెవిలో లేత గులాబీ రంగు, ముక్కు మీద తడి, వెనక నుంచి ఇంత తోక, కామా లాగా. ఆయన వేసినవాటిలో అంతకంటే మంచిది లేదు. అవతలి వీధి వాళ్ళు కూడా వచ్చి చూశారు. ఒక కుక్క వచ్చి వాసన చూసింది, ఇది మాత్రం నిజం.

అత్తని తీసుకొచ్చాడు. ఆవిడ నిలబడి చూసింది.

"ఎవరిదండీ కుక్క? బాగుంది" అంది నాతో.

"కామా, అత్తా" అన్నాను.

"కాదు. మావాడికి ఎర్ర పట్టీ ఉంటుంది." రొట్టె కొంగులో దాచుకుని పక్క వీధి వైపు తిరిగింది.

మామ నన్ను నిచ్చెన పట్టుకోమనలేదు. ఎర్ర డబ్బా మూత తీశాడు. సుద్ద దారం లాగలేదు. బ్రష్ ముంచి, ఊపిరి బిగబట్టి, భుజం దగ్గర మొదలుపెట్టాడు. మధ్యలో చెయ్యి ఆగిపోయింది. పదిహేడు సార్లు ఒక్క ఊపులో కొట్టిన చెయ్యి.

అత్త వెనక్కి వచ్చి ఆయన పక్కన నిలబడింది. "కట్టు, కట్టు. వదులుగా కట్టు, ఒత్తుకుంటుంది వాడికి."

"వదులుగానే కడుతున్నానే" అన్నాడు మామ. మిగతా సగం గీశాడు. ఇప్పుడు చూసినా మధ్యలో అతుకు కనిపిస్తుంది.

"ఎక్కడికి పోయావురా ఇన్నాళ్ళూ" అంది అత్త, రేకు మీద చెయ్యి వేసి. ఆవిడ వేళ్ళకి ఎరుపు అంటింది.

గీత పడ్డాక మామ ఊరుకోడు కదా, కింద ఆ పాత రాత, "కుక్కలకు ప్రవేశం లేదు", కూడా రాశాడు. బోర్డు అబద్ధం కాకూడదని, నేను నా కొట్టులోకి కుక్కల్ని రానివ్వనని ఒప్పుకున్నాను. మనిషే పట్టని కొట్టులోకి కుక్కకి ప్రవేశం లేదా అని వీధంతా నన్ను ఏడిపించింది. ఏడిపించనీ. వీధి మొత్తంలో అలాంటి బోర్డు నాదొక్కటే.

నాలుగు నెలలు వచ్చింది అత్త, పదకొండు గంటలకి, ఒక్కరోజు తప్పకుండా. తర్వాత కాళ్ళు ఆడలేదు. మామ రేకు విప్పి ఇంటికి తెస్తానంటే, "వాడు కాపలా ఉన్నాడు, ఉండనీ. నేనే వస్తానని చెప్పు" అందట. మామ వచ్చి తలుపుతో ఆ మాట చెప్పి వెళ్ళాడు. చలికాలం దాటలేదు ఆవిడ. ఆవిడ రాని మొదటి రోజు, పదకొండు గంటలకే, నేను మొదట చెప్పిన మొరుగుడు వినిపించింది.

ఇప్పుడు మామ బోర్డులు రాయడం లేదు. రోజూ పదకొండు గంటలకి మాత్రం గొడుగు వేసుకుని వస్తాడు. నా కొట్టు దగ్గర ఆగడు. కళ్ళజోళ్ళ షాపు ఎదురుగా నిలబడి తలెత్తి చూస్తాడు. ఎడమ కన్ను కొంచెం చిన్నది, నవ్వబోతున్నట్టు. పెదవులు కదులుతాయి, ఇంత దూరానికి వినిపించదు. మొన్న ఆ కళ్ళు ఒకసారి రెప్పలు వాల్చి ఎత్తాయి. నేను చూశాను.

ఇదంతా రాసి ఆయనకే చదివి వినిపించాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. అయిపోయాక గొడుగు తీసుకుని లేచాడు.

"కుక్క మొరగలేదు, కళ్ళు ఆర్పలేదు. రేకులవి. మీ అత్త పిలిచేది, అది పలికేది కాదు. నేను పిలిచినా అంతే."